బుడమేరు ఇళ్లు: బురద నుంచి సున్నం దాకా

వరద ఇళ్లన్నీ ఒకలా పాడవవు. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు ఒక్కసారిగా మీద పడి, అంతే త్వరగా తగ్గిపోయింది. అక్కడ గోడలు కూలాయి, సామాను కొట్టుకుపోయింది. అదే రోజు విజయవాడలో బుడమేరు వాగు సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేటల్లోకి వచ్చి కదలకుండా కూర్చుంది. వెలగలేరు నుంచి మళ్లింపు కాలువ ద్వారా కృష్ణలో కలవాల్సిన నీళ్లవి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణే ఎన్నడూ లేనట్టు 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతుంటే వాటిని తీసుకునే దిక్కు లేకపోయింది. కొండపల్లి శాంతినగర్ దగ్గర ఆ కాలువ గట్టుకు పడ్డ గండ్లు పూడేసరికి వినాయక చవితి వచ్చింది. అందుకే ఇక్కడి ఇళ్లు చూడటానికి నిలబడే ఉన్నాయి. గోడలు మాత్రం వారం రోజులు నీళ్లలో నానిన అటుకుల్లా ఉన్నాయి. ఆ ఇళ్లను కడిగి బాగుచేసిన వాళ్లుగా ఇది రాస్తున్నాం. మళ్లీ ఎక్కడైనా ఇలాంటి నీళ్లే వస్తే పని ఏ వరసలో చేయాలో, ఎక్కడ ఆగాలో తెలియడానికి.

పార కంటే ముందు ఫోను తీయాలి. ప్రతి గదిలో నాలుగు గోడలూ, గోడ మీద నీటి గీతా, ఆ గీత దగ్గర నిలబెట్టిన టేపూ ఫొటోలో పడాలి. పాడైన సామాను బయట పారేయకముందే ఫొటో తీయాలి. నేల అంతస్తు ఇళ్లకు 25 వేలు, మొదటి అంతస్తుకు 10 వేలు సాయం అని ప్రభుత్వం ప్రకటించేసరికి చాలా ఇళ్లు శుభ్రంగా కడిగేసి ఉన్నాయి. నీటి గీత పోయాక ఎంత ఎత్తు మునిగిందో నోటిమాటగా చెప్పుకోవాల్సిందే. ఆ తర్వాత నుంచి హాల్లో ఒక మూల మూరెడు వెడల్పున కడగకుండా వదిలేసి, గీత పక్కన తేదీ రాసిపెట్టడం అలవాటు చేసుకున్నాం.

ఒక ఇంటికి ఆరుగురు సరిపోతారు. ఇద్దరు తోడాలి, ఇద్దరు మోయాలి, ఒకరు కడగాలి, ఒకరు సామాను వేరుచేస్తూ ఇంటివాళ్లను అడిగి రాసుకోవాలి. ఆ రాసుకునే మనిషిని తీసేస్తే పని త్వరగా అవుతుంది కానీ ఇంటి పట్టా, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు బురదతో పాటు బయటికి పోతాయి. పనిముట్లు చెప్పాలంటే రెండు చదును పారలు, నాలుగు ఇనుప తట్టలు, రెండు పెద్ద వైపర్లు, కొబ్బరి చీపుర్లు, గోనె సంచులు యాభై. కాళ్లకు మోకాలి దాకా గమ్ బూట్లు, వాటి లోపల అరికాలి కింద ఒక రేకు ముక్కో మందపాటి రబ్బరో ఉండాలి. బురదలో మేకు బూటును తేలిగ్గా దించేస్తుంది. టీటీ ఇంజెక్షన్ ముందే వేయించుకుని రావాలి. మురుగు కలిసిన నీళ్లు కాబట్టి ఎలుక జ్వరం మాత్రల సంగతి శిబిరంలో డాక్టర్‌ని అడిగి, ఆయన చెబితేనే వేసుకోవాలి. బీరువా వెనకా, తలకిందులైన మంచం కిందా చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టండి. పాముకు కూడా పొడి చోటు అదే.

బురద లెక్క ముందే వేసుకుంటే సాయంత్రానికి నిరాశ ఉండదు. 300 చదరపు అడుగుల ఇంట్లో మూడంగుళాల బురద ఉంటే 75 సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు). తట్టకు అర సీఎఫ్‌టీ వేసుకున్నా 150 తట్టలు, బరువు మూడు టన్నుల పైమాటే. అయితే ఇందులో సగం కష్టం తప్పించుకునే దారి ఒకటుంది. నీళ్లు పూర్తిగా తీసేదాకా ఆగకూడదు. ఇంట్లో ఇంకా నాలుగంగుళాల నీళ్లుండగానే చీపుర్లతో అడుగు బురదను కలిపి, ఆ నీళ్లతోనే వైపర్‌తో బయటికి నెట్టేయాలి. అప్పుడది మజ్జిగలా జారిపోతుంది. రెండు రోజుల ఎండ తగిలితే అదే బురద పెచ్చులు కట్టి టైల్సుకు అతుక్కుంటుంది. గడ్డపారతో కొడితే టైలూ పోతుంది. నెట్టిన బురద వీధి కాలువలోకి పోనివ్వకూడదు. ఒక వీధిలో పది ఇళ్ల వాళ్లం అదే పని చేస్తే మర్నాడు వానకు కాలువ పొంగి కడిగిన ఇళ్లలోకే తిరిగొచ్చింది. వాకిట్లో గోనె సంచులు అడ్డంగా పేర్చి బురదను అక్కడ ఆపాలి, నీరే కిందకి పోవాలి.

కడగడం పైనుంచి కిందకి. ఫైరింజన్ పైపు దొరికితే అందరికీ సరదాగా ఉంటుంది, నిజమే, రోడ్డుకూ వాకిలికీ అది బ్రహ్మాండం. ఇంట్లో మాత్రం ఆ ఒత్తిడి నానిన ప్లాస్టరింగ్‌ను ఊడగొడుతుంది, స్విచ్ బోర్డుల్లోకి బురదను ఇంకా లోతుగా కొడుతుంది. లోపల మామూలు హోస్ పైపు చాలు.

బ్లీచింగ్ గురించి ఒక మాట. బురద మీద బ్లీచింగ్ చల్లితే ఆ క్లోరిన్ అంతా బురదే తినేస్తుంది. వీధి పక్కన తెల్లగా గీసే గీతలు ఫొటోలకు బాగుంటాయి, అంతకు మించి పనికిరావు. ముందు బురద పోవాలి, తర్వాత సబ్బు నీళ్లు, ఆ తర్వాతే బ్లీచింగ్. 30 శాతం క్లోరిన్ ఉన్న పౌడర్ అయితే పది లీటర్ల బకెట్టుకు 330 గ్రాములు వేస్తే ఒక శాతం ద్రావణం అవుతుంది. నేల మీద అరగంట ఉంచి కడిగేయాలి. సంచి విప్పి నాలుగు రోజులు తేమలో ఉంచిన పౌడర్‌లో ఆ బలం ఉండదు. ఘాటు తగ్గిందంటే అంతే. మన ఇళ్లలో టైల్సు మరకలకు యాసిడ్ పోసే అలవాటు ఉంది కదా, బ్లీచింగ్ పోసిన చోట యాసిడ్ అస్సలు వద్దు. తలుపులు మూసిన బాత్రూములో ఆ రెండూ కలిస్తే వచ్చేది విషవాయువు.

కరెంటు దగ్గర ఎంత నెమ్మదిగా ఉంటే అంత మంచిది. మెయిన్ ఆపేశాం కదా అని చెయ్యి పెట్టేవాళ్లు మరిచిపోయేది ఇన్వర్టర్. వీధికి కరెంటు లేకపోయినా బ్యాటరీ నుంచి ఇంటి వైర్లలోకి కరెంటు వస్తూనే ఉంటుంది. ముందు ఇన్వర్టర్ ఆపి, బ్యాటరీ తీగ విప్పాలి. మీటరు మునిగిన ఇంట్లో స్తంభం దగ్గర లైన్‌మన్ సర్వీసు వైరు తీశాకే బోర్డులు విప్పాలి. ఆపైన టెస్టర్ ఒక్కదాన్నే నమ్మకుండా మల్టీమీటర్‌తో ఫేజూ న్యూట్రలూ రెండూ చూసుకోవాలి.

మునిగిన ఎంసీబీలు (కరెంటు ఎక్కువ పారితే వాటంతట అవే పడిపోయే స్విచ్చులు), ఆర్‌సీసీబీలు (కరెంటు లీకైతే పడిపోయేవి), ప్లగ్ సాకెట్లు, ఫ్యాన్ రెగ్యులేటర్లు ఆరబెట్టి వాడేవి కావు. లోపలి స్ప్రింగుల్లో సన్నటి ఒండ్రు ఉండిపోతుంది. ఎంసీబీ పైకి మామూలుగానే పడుతుంది, పడాల్సినప్పుడు మాత్రం పడదు. అవన్నీ కొత్తవే. గోడలోని రాగి వైరు తొడుగు బాగుంటే బతుకుతుంది. టేపు చుట్టిన అతుకులు బతకవు, ప్రతి అతుకూ కత్తిరించి మళ్లీ వేయాలి. అసలు తలనొప్పి గోడలో వైర్లు పోయే పైపు. స్విచ్ బోర్డు నుంచి కింది ప్లగ్ పాయింటుకు దిగిన పైపు వంపులో నీళ్లు నిలిచి ఉంటాయి. బోర్డు విప్పి చూస్తే పొడిగానే కనిపిస్తుంది. వైరు లాగే స్టీలు స్ప్రింగు చివర గుడ్డ కట్టి రెండు మూడుసార్లు లాగితే గుడ్డ తడిసి బురదతో వస్తుంది. పొడిగా వచ్చేదాకా లాగాలి. ఏసీ మెకానిక్‌ల బ్లోయర్ దొరికితే పావుగంటలో తేలిపోతుంది. సైకిల్ పంపుతో మేం చూశాం, దానికి ఆ బలం లేదు.

తర్వాత మెగ్గర్, అంటే వైరు నుంచి కరెంటు లీకవుతోందా అని కొలిచే మీటరు. బల్బులు, ఫ్యాన్లు, ప్లగ్గులు అన్నీ విడదీసి, ఒక్కో సర్క్యూటును వేరుచేసి, 500 వోల్టుల మెగ్గర్‌తో ఫేజుకూ ఎర్తుకూ మధ్య, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య కొలవాలి. ఒక మెగా ఓమ్ దాటని సర్క్యూటు ఆ రోజుకు వదిలేయడమే. మొదటి రోజు 0.2 చూపించిన సర్క్యూటు, పైపు ఆరాక అయిదో రోజు నాలుగైదుకు రావడం మామూలే. ఈలోగా ఇంటివాళ్లు చీకట్లో ఉండలేరు. అందుకని తలుపు పక్కన చెక్క పలక మీద కొత్తగా ఒక బల్బు హోల్డరు, ఒక ప్లగ్గు, వాటి ముందు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ బిగించి, గోడ బయటి నుంచే వైరు లాగి ఇచ్చేవాళ్లం. ఆ ఆర్‌సీసీబీ పదేపదే పడిపోతుంటే ఇంటాయన విసుక్కుని దాన్ని తప్పించి నేరుగా కలపమంటాడు. ఒప్పుకోకూడదు. అది పడిపోతోందంటే ఎక్కడో గోడకో ఇనుప తలుపుకో కరెంటు తగులుతోందన్న మాట. ఎర్తు గుంత దగ్గర తీగ తుప్పు పట్టి తెగి ఉంటే ఇదంతా చేసినా రక్షణ పూర్తి కాదు, అదీ చూడాలి.

ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, మోటారు వేటికీ 'ఒక్కసారి పెట్టి చూద్దాం' అని ప్లగ్గు పెట్టొద్దు. ఆ ఒక్కసారికే వైండింగ్ కాలుతుంది. సంపు పక్కన ఉండే మోనోబ్లాక్ మోటారును వారం లోపు విప్పించాలి, ఆలస్యమైతే బేరింగులు తుప్పు పట్టి బిగుసుకుంటాయి. సంపులో ఉండే సబ్‌మెర్సిబుల్‌కు నీళ్లు కొత్త కాదు, పోయేది దాని ప్యానెల్లోని కెపాసిటర్. గ్యాస్ సిలిండర్ నీళ్లలో తేలి పడిపోయి ఉంటుంది. నిలబెట్టి బయట పెట్టాలి. వాల్వులో బురద ఉంటే గ్యాస్ ఏజెన్సీ వాళ్లకే ఇవ్వాలి. రబ్బరు పైపూ రెగ్యులేటరూ మార్చడమే.

సంపు దగ్గరే ప్రాణాలు పోయే ప్రమాదం ఎక్కువ. మురుగు నిలిచిన మూసిన గుంత అది. మూత తీసి కొన్ని గంటలు గాలి ఆడనిచ్చినా, నడుముకు తాడు లేకుండా, పైన ఇద్దరు లేకుండా ఎవరూ దిగకూడదు. లోపలివాడు పడిపోతే తీయడానికి ఇంకొకడు దూకడమే రెండో చావుకు కారణం. మూతి దగ్గర పెట్రోలు ఇంజను పెట్టి నీళ్లు తోడొద్దు, దాని పొగ కిందకి దిగుతుంది. మేం వీలైనంత వరకు దిగకుండానే చేశాం. బురద పంపుతో తోడి, పొడుగు కర్ర చీపురుతో గోడలు రుద్ది, మళ్లీ తోడటం, ఇలా మూడుసార్లు. తర్వాత మంచి నీళ్లు నింపి క్లోరిన్ పట్టించాలి. 3,000 లీటర్ల సంపుకు 30 శాతం బ్లీచింగ్ అరకిలో. పౌడర్‌ను నేరుగా సంపులో పోయకుండా బకెట్లో కలిపి, తేరిన నీళ్లు మాత్రమే పోయాలి. ఆ నీళ్లనే పైన ట్యాంకుకు ఎక్కించి, కుళాయిలన్నీ వాసన వచ్చేదాకా విప్పి, ఒక రోజంతా ఉంచి, మొత్తం వదిలేయాలి. ఆ నీళ్లు తాగేవి కావని కుళాయి మీద కాగితం అంటించాలి. ఖాళీ చేశాక సంపు గోడలో సన్నగా ఊట కనిపిస్తే, అది పక్క మురుగు కాలువ నుంచి కావచ్చు. పగులు పూడ్చకుండా ఎంత క్లోరిన్ పోసినా దండగ.

ఇక గోడలు. ఇక్కడే ఇంటివాళ్లకూ మాకూ వాదన. నీళ్లు అయిదడుగుల గీత దగ్గర ఆగినా గోడ లోపల తడి ఇంకో అడుగు, రెండడుగులు పైకి పాకి ఉంటుంది. ఇటుక గోడ ఆరడానికి అంగుళానికి ఒక నెల అన్నది మోటు లెక్క. రెండు వైపులా గాలి తగిలే తొమ్మిదంగుళాల గోడకు నాలుగైదు నెలలు. పక్కింటి గోడకు ఆనుకుని ఉంటే ఇంకా ఎక్కువ. పైగా మనకు వరద తర్వాత వచ్చేది తుఫాన్ల కాలం, గాలిలోనే తేమ. దాతలకేమో రంగు వేసిన ఇంటి ఫొటో కావాలి. రంగు డబ్బాలూ లప్పం సంచులూ మొదటి వారంలోనే లారీల్లో దిగిపోతాయి. సిమెంటూ వైర్లూ ఇచ్చేవాళ్లు తక్కువ.

'దసరాకి కూతురూ అల్లుడూ వస్తారు బాబూ, ఒక్క హాలుకైనా రంగేసి పెట్టండి' అని ఒక పెద్దావిడ పట్టుబట్టింది. కాదనకుండా రెండడుగుల చదరం పాలిథిన్ షీటు తెచ్చి, హాలు గోడకు నాలుగు అంచులా గాలి దూరకుండా టేపు వేసి, 'రేపు పొద్దున మీరే చూడండమ్మా' అని వచ్చేశాం. తెల్లారేసరికి షీటు లోపలి వైపంతా అన్నం గిన్నె మూత కింద పట్టినట్టు నీటి బొట్లు. వేలితో నొక్కితే గీతలు గీతలుగా కారాయి. రంగు మాట మళ్లీ ఎత్తలేదావిడ. ఇంత సులువైన పరీక్ష ఇంకొకటి లేదు. పాతిక రూపాయల షీటుతో నెలకోసారి చేసి, తేదీ గోడ మీదే రాసుకోవచ్చు. ఇరవై నాలుగు గంటలు ఉంచినా షీటు పొడిగా వచ్చాకే లప్పం.

గోడ ఆరాలంటే పైనున్న పొర పోవాలి. ప్లాస్టిక్ ఎమల్షన్, లప్పం రెండూ నీటి గీతకు రెండడుగుల పై దాకా గీకేయాలి. లప్పం ఇంకా తడిగా ఉన్నప్పుడే వెన్నలా వస్తుంది, ఎండాక ఊడదు. తర్వాత ప్లాస్టరింగ్‌ను సుత్తి పిడితో తడుతూ పోవాలి. గట్టి చోట టకటకమంటుంది, విడిచిన చోట గుల్లగా డొల్లుమంటుంది. సుద్దముక్కతో ఆ గుల్ల చుట్టూ గీసి, గట్టి భాగంలోకి రెండంగుళాలు చొచ్చుకుని, అంచులు తిన్నగా ఉండేలా కొట్టాలి. తడిసిందని గోడంతా చెక్కేయాల్సిన పని లేదు. అలా చెక్కేసి సిమెంటు చాలక సగంలో ఆగిన ఇళ్లున్నాయి. అతుకు వేసేటప్పుడు ఇటుకల మధ్య సందులు అరంగుళం గీకి, దుమ్ము దులిపి, తడిపి, ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్ల ఇసుకతో అరంగుళం మందం వేస్తే చాలు. గట్టిగా ఉంటుందని ఒకటికి మూడు కలిపే మేస్త్రీలున్నారు. ఆ అతుకు కుంచించుకుని చుట్టూ వెంట్రుక పగులు ఇస్తుంది, లోపలి తడినీ ఆపేస్తుంది. రోడ్డు మీద వరద తెచ్చిపోసిన ఇసుక వాడొద్దు, అందులో సగం ఒండ్రే. వాటర్‌ప్రూఫ్ రసాయనాలు పూసిన గోడలైతే ఇంకా ఘోరం. నీళ్లు లోపలే ఉండి పొరను బుడగలుగా లేపాయి. గోడ ఆరుతున్నకొద్దీ తెల్లటి ఉప్పు పైకి తేలుతుంది. భయపడాల్సింది కాదు, గోడ ఆరుతోందనే గుర్తు. పొడి బ్రష్‌తో దులపాలి. తడి గుడ్డతో తుడిస్తే ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది.

అప్పటిదాకా ఇల్లు బోసిగా ఉండాలా అంటే, సున్నం ఉంది కదా. గోడకు ఊపిరి ఆడనిస్తుంది, బూజు పట్టనివ్వదు, చవక. కిలో సున్నానికి అయిదు లీటర్ల నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టి, పల్చటి గుడ్డలో వడగట్టి, కాస్త తుమ్మ బంక కరిగించి కలిపితే చేతికి అంటకుండా ఉంటుంది. రెండు పూతలు, మధ్యలో ఒక రోజు. కళ్లద్దాలు పెట్టుకోవాలి, సున్నం కంట్లో పడితే ఆట కాదు. పండక్కి ఇల్లు తెల్లగా ఉంటుంది, రంగు సంక్రాంతి దాటాక.

తలుపుల, కిటికీల పై మూలల నుంచి గోడ మీద ఏటవాలుగా పోయే పగుళ్లుంటే సిమెంటుతో పూడ్చేయకండి. పగులు రెండు చివర్లా పెన్సిల్‌తో అడ్డగీత, పక్కన తేదీ. నల్లరేగడి మీద కట్టిన ఇళ్లలో నేల నానినప్పుడు ఉబ్బుతుంది, ఆరినప్పుడు కుంగుతుంది. అందుకని నీళ్లు తీసిన నెలకు కొత్త పగుళ్లు రావడం చూశాం. గీత దాటి పగులు పెరుగుతుంటే అది మన పని కాదు, ఇంజినీరు వచ్చేదాకా ఆ గదిలో ఎవర్నీ పడుకోనివ్వకూడదు. నేల టైల్సు కూడా కాలి మడమతో తట్టి చూడాలి. డొల్లుమంటే కింద మట్టి కొట్టుకుపోయి ఉండొచ్చు.

రేకుల ఇళ్లలో ప్రాణాలు దక్కించుకోవడానికి జనం పైకి ఎక్కి నిలబడ్డ చోట రేకులు చిట్లాయి. మార్చేటప్పుడు రేకు మీద నేరుగా కాలు పెట్టకుండా రెండు వాసాల మీదికి వచ్చేలా పలక వేసుకోవాలి. రంధ్రం రేకు గుబ్బ మీదే వేయాలి, పల్లంలో వేస్తే వాన నీళ్లన్నీ అక్కడే దిగుతాయి. ఆస్‌బెస్టాస్ రేకును పొడిగా, కటింగ్ మెషిన్‌తో కోయొద్దు. తడిపి, మాస్కు కట్టుకుని, చేతి రంపంతోనే. రేకును వాసానికి పట్టే కొక్కీ, జె-హుక్, దాని నట్టు కింద ముందు తారు వాషరు, దాని పైన ఇనుప వాషరు. నట్టు మరీ బిగిస్తే ఎండకు రేకు సాగి ఆ రంధ్రం దగ్గరే పగులుతుంది. వాషరు కదలకుండా పట్టుకుంటే చాలు.

తలుపులు చివర. ప్లైవుడ్, ఫ్లష్ డోర్లు పొరలు విడిపోయి ఉంటాయి, అవి పారేయడమే. టేకు, వేప తలుపులు ఉబ్బి పడవు. వడ్రంగి వెంటనే చిత్రిక పడతానంటాడు, ఇంటివాళ్లకూ అదే కావాలి, రాత్రికి గడియ పడాలి కదా. అప్పుడు చిత్రిక పడితే డిసెంబరుకు తలుపు ఆరి చుట్టూ వేలు దూరేంత సందు వస్తుంది. బందులు విప్పి, నీడలో నాలుగు ఇటుకల మీద పడుకోబెట్టి, పైన బరువు పెట్టాలి. ఎండలో ఆనిస్తే వంకర పోతుంది. ఆ నెల రోజులకు గుమ్మానికి ఒక రేకు తలుపు, గొలుసు, తాళం. తిరిగి బిగించేటప్పుడు పాత స్క్రూ రంధ్రాలు నాని వదులై ఉంటాయి. ఒక్కో దానిలో ఫెవికాల్ పూసిన వెదురు పుల్ల ముక్క దిగ్గొట్టి, పైకి ఉన్నది కోసేసి, రాత్రంతా ఆరనిచ్చి, పాతదాని కంటే అరంగుళం పొడుగు స్క్రూ బిగించాలి. చిత్రిక అవసరమైతే అప్పుడు, తాళం వైపు అంచు మాత్రమే.